గ్రెగ్ ఆల్‌మన్ ‘లైవ్: బ్యాక్ టు మేకన్’ – ఏళ్ల తరబడి విన్నాక

సదరన్ రాక్‌లో, అంటే అమెరికా దక్షిణాదిలో పుట్టిన రాక్ సంగీతంలో, మంచి లైవ్ రికార్డు ఏదంటే ఎక్కువ మంది చెప్పేది ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండు 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో వాయించిన కచేరీ. అది గొప్పదే, అందులో వాదన లేదు. కానీ కొన్నేళ్లుగా నేను మళ్లీ మళ్లీ పెట్టుకుని వింటున్నది అది కాదు. అదే బ్యాండు గాయకుడు గ్రెగ్ ఆల్‌మన్ 66 ఏళ్ల వయసులో, 2014 జనవరి 14న, జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో తన సొంత బృందంతో చేసిన కచేరీ. రౌండర్ రికార్డ్స్ 2015 ఆగస్టులో దీన్ని విడుదల చేసింది. నా దగ్గర ఉన్నది రెండు సీడీలు, ఒక డీవీడీ ఉన్న సెట్. మొత్తం 16 పాటలు.

మేమున్నది అట్లాంటా పక్కన. మేకన్ ఇక్కడి నుంచి దక్షిణంగా ఐ-75 హైవే పట్టుకుని వెళ్తే గంటన్నర దారి. అందుకని ఈ రికార్డు ఎక్కువగా కారులోనే విన్నాను. తర్వాత ఇంట్లో స్పీకర్ల మీద, రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్‌లో. ఒక్కో చోట ఒక్కోలా వినపడుతుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ ఊరి గురించి. 1969లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో పుట్టిన ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండు ఆ వెంటనే మేకన్‌కి మకాం మార్చింది. వాళ్ల రికార్డుల కంపెనీ కాప్రికార్న్ రికార్డ్స్ అప్పట్లో ఉన్నది అక్కడే. గ్రెగ్ అన్న, బ్యాండు గిటారిస్టు డ్వేన్ 24 ఏళ్లకే, 1971 అక్టోబర్ 29న, అదే ఊళ్లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. ఏడాది తిరగ్గానే బేస్ గిటార్ వాయించే బెరీ ఓక్లీ కూడా అలాగే, ఆ దగ్గర్లోనే పోయాడు. ఇద్దరి సమాధులూ రోజ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకప్పుడు బ్యాండు వాళ్లంతా కలిసి ఉన్న ‘బిగ్ హౌస్’ ఇప్పుడు మ్యూజియం. ఈ రికార్డు పేరులోని ‘మళ్లీ మేకన్‌కి’ అన్నమాట ఉత్త ప్రచారం కోసం పెట్టింది కాదు. ఆ ఊరికి వచ్చి పాడాలంటే గ్రెగ్‌కి గుండె దిటవు కావాలి.

కచేరీ జరిగిన సమయం కూడా మామూలుది కాదు. 2010లో గ్రెగ్‌కి కాలేయ మార్పిడి జరిగింది. ఈ కచేరీకి వారం ముందే, బ్యాండులోని గిటారిస్టులు వారెన్ హేన్స్, డెరెక్ ట్రక్స్ ఆ ఏడాది చివర్లో తప్పుకుంటామని ప్రకటించారు. అంటే 45 ఏళ్ల ఆల్‌మన్ బ్రదర్స్ ముగింపు దగ్గరపడిందని తేలిపోయింది. జనవరి 10న అట్లాంటా ఫాక్స్ థియేటర్‌లో తోటి కళాకారులంతా కూడి గ్రెగ్ పాటలతోనే ఆయనకు సన్మాన కచేరీ చేశారు. నాలుగు రోజులకి ఆయన మేకన్‌లో, 1884లో కట్టిన గ్రాండ్ ఒపేరా హౌస్ వేదిక మీద ఉన్నాడు. ఇవన్నీ తెలిసి వింటే పాటల వరసే వేరేగా అనిపిస్తుంది.

ఇక గొంతు. ఇరవై మూడేళ్ల గ్రెగ్ గొంతుని మనసులో పెట్టుకుని ఇది వినకండి, వింటే అన్యాయం చేసినట్టే. ఆ వయసులో పాట చివర గొంతు చించుకుని అరిచేవాడు, అది అప్పటికి చెల్లింది. ఇక్కడ ఆ అరుపులు తక్కువ. పై స్థాయి అందని చోట బలవంతంగా ఎక్కడు. మాటని కాస్త ఆలస్యంగా, తాళం వెనక వేస్తాడు. ‘దీజ్ డేస్’ వినండి. జాక్సన్ బ్రౌన్ కుర్రతనంలో రాసిన పాట, గ్రెగ్ 1973లో ‘లెయిడ్ బ్యాక్’ ఆల్బమ్‌లో పాడాడు. వెనక్కి తిరిగి చూసుకునే మనిషి పాట అది. పాతికేళ్ల వాడు పాడితే బాగుంది. అరవై ఆరేళ్ల వాడు పాడినప్పుడు మాత్రం వాక్యం చివరి అక్షరాలని పూర్తిగా పలక్కుండా శ్వాసలోకి జారవిడుస్తాడు. హెడ్‌ఫోన్స్‌లో ఆ ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. నాకు ఈ రికార్డు మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

‘మెలిస్సా’ సంగతి వేరు. గ్రెగ్ ఇంకా పేరు లేని కుర్రాడిగా ఉన్నప్పుడు కట్టిన పాట. డ్వేన్‌కి ప్రాణం. అన్న అంత్యక్రియల్లో గ్రెగ్ పాడింది ఇదే. ఆ సమాధి ఉన్న ఊళ్లో కూర్చుని ఇదే పాట పాడుతుంటే ఎంత బరువెక్కాలి! ఆయన బరువెక్కనివ్వడు. మామూలుగా, దాదాపు హాయిగా పాడతాడు. మొదట్లో నాకది చప్పగా అనిపించింది. విన్న కొద్దీ, అంత నిబ్బరంగా పాడటమే కష్టమని అర్థమైంది. అన్న పోయిన దుఃఖంలోంచి పుట్టిన ‘ఎయింట్ వేస్టిన్ టైమ్ నో మోర్’ కూడా ఇందులో ఉంది. దాన్ని మాత్రం శాక్సఫోన్, ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాలతో నిటారుగా నిలబెట్టారు.

ఈ బృందం గురించి చెప్పకపోతే తప్పు. ఆల్‌మన్ బ్రదర్స్ అంటే రెండు గిటార్లు జంటగా సాగడం, ఇద్దరు డ్రమ్మర్లు. ఇక్కడ స్కాట్ షరార్డ్ ఒక్కడే ప్రధాన గిటార్, బృందాన్ని నడిపించేదీ అతనే. రెండో గిటార్ ఉండాల్సిన చోటుని శాక్సఫోన్లు, ట్రంపెట్ నింపుతాయి. డ్రమ్స్ మీద మెంఫిస్ నుంచి వచ్చిన స్టీవ్ పాట్స్. దాంతో మొత్తం ధ్వని రాక్ వైపు నుంచి నల్లజాతి అమెరికన్ల సంగీతమైన మెంఫిస్ సోల్ వైపు, రిథమ్ అండ్ బ్లూస్ వైపు జరిగింది. గ్రెగ్ చిన్నప్పటి నుంచి ప్రాణం పెట్టి విన్నది ఆ సంగీతమే. రే చార్ల్స్ పాడిన ‘బ్రైటెస్ట్ స్మైల్ ఇన్ టౌన్’ ఇక్కడ వింటే ఆ సంగతి తెలిసిపోతుంది. మన కచేరీల్లో పెద్దాయన పల్లవి ఎత్తుకుని, ఒక సంగతి వేసి, మిగతాది వయొలిన్‌కి వదిలి కళ్లు మూసుకుని కూర్చుంటాడు చూడండి, ‘క్వీన్ ఆఫ్ హార్ట్స్’లో గ్రెగ్ అలా శాక్సఫోన్‌కి వదిలేస్తాడు. తిరిగి గొంతు వచ్చేసరికి పాట ఎక్కడ ఆగిందో అక్కడ అందుకుంటాడు.

మొదటి పాట ‘స్టేట్స్‌బరో బ్లూస్’. స్టేట్స్‌బరో జార్జియాలోనే ఒక ఊరు. బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ 1928లో రికార్డు చేసిన పాట ఇది. డ్వేన్ స్లైడ్ గిటార్ (తీగల మీద గొట్టం జార్చి వాయించే పద్ధతి) వల్ల లోకానికి బాగా తెలిసింది. స్కాట్ షరార్డ్ దాన్ని అచ్చుగుద్దినట్టు దించే ప్రయత్నం చేయలేదు, అందుకే నచ్చాడు. అతను రాసిన ‘లవ్ లైక్ కెరోసిన్’ రెండో సీడీలో ఉంది. నలభై, యాభై ఏళ్ల నాటి పాటల మధ్య ఈ కొత్త పాట ఏమాత్రం వెలితి లేకుండా నిలబడింది. కారులో వాల్యూమ్ పెంచి వినాల్సిన పాట. గ్రెగ్‌కి కూడా బాగా నచ్చినట్టుంది, చివరి ఆల్బమ్ ‘సదరన్ బ్లడ్’ కోసం స్టూడియోలో మళ్లీ పాడాడు.

‘విప్పింగ్ పోస్ట్’ దగ్గర చాలామంది నిరాశ పడతారు. ఆ పాట పుట్టుక ముచ్చటగా ఉంటుంది: జాక్సన్‌విల్‌లో ఒక రాత్రి పాట తన్నుకొస్తుంటే, కాగితం లేక, అగ్గిపుల్లలు కాల్చి ఆ మసితో ఇస్త్రీ బల్ల గుడ్డ మీద రాసుకున్నానని గ్రెగ్ చెప్పేవాడు. ఎత్తుగడ ఆవృత్తికి పదకొండు దెబ్బల లెక్కలో నడుస్తుందని కూడా తనకు తెలియదట, అన్న చెబితేనే తెలిసిందట. ఫిల్‌మోర్‌లో అది దాదాపు 23 నిమిషాలు సాగింది. మేకన్‌లో దాని నడకే మార్చారు. పాతది కావాలంటే పాతది ఉంది కదా. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ మార్పు నాకు పూర్తిగా రుచించలేదు. ఆ పాటలో ఉన్న కసి ఇక్కడ కొంత పలచబడింది. ‘బిఫోర్ ద బుల్లెట్స్ ఫ్లై’ కూడా నేను తరచూ దాటేస్తాను.

శబ్దం విషయానికొస్తే, రికార్డింగ్ శుభ్రంగా ఉంది. లైవ్ అయినా మాటలు స్పష్టంగా వినపడతాయి. అయితే కారు స్పీకర్లలో, ముఖ్యంగా హైవే మీద, ఊదే వాద్యాలు ముందుకు తోసుకొచ్చి హామండ్ ఆర్గన్‌ని (కరెంటుతో పనిచేసే కీబోర్డు వాద్యం) కమ్మేస్తాయి. గ్రెగ్ వాయించే ఆర్గనే వినపడకపోతే సగం రికార్డు పోయినట్టే. మంచి హెడ్‌ఫోన్స్‌లో మాత్రం ఆర్గన్‌కి తగిలించిన, లోపల గిర్రున తిరిగే లెస్లీ స్పీకర్ తిరుగుతున్నప్పుడు వచ్చే ఆ అల కుడి నుంచి ఎడమకి కదలడం తెలుస్తుంది. ఫోన్ స్పీకర్‌లో వినడం దండగ. డీవీడీ ఒకసారి చూడాల్సిందే. తర్వాత నేను ఎక్కువగా వింటూ వచ్చింది సీడీలే.

2017 మే 27న, సవానా దగ్గరి ఇంట్లో గ్రెగ్ కన్నుమూశాడు. రోజ్ హిల్‌లోనే, అన్న దగ్గరే ఖననం చేశారు. ఆ తర్వాత ఈ రికార్డు వినడం నాకు కొన్నాళ్లు కష్టమైంది. ఇప్పుడు కాదు. ‘మిడ్‌నైట్ రైడర్’ మొదలవగానే మేకన్ జనం గుర్తుపట్టి వేసే కేక వింటుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కొనదలచుకున్న వాళ్లకి ఒక మాట. గంటల తరబడి సాగే గిటార్ జుగల్‌బందీ కావాలంటే దీని జోలికి రావద్దు, ఫిల్‌మోర్ ఈస్ట్ తీసుకోండి. బ్లూస్, సోల్ పాటలు, వయసు మీదపడిన మంచి గొంతు ఇష్టమైతే కళ్లు మూసుకుని కొనొచ్చు. ఈ సంగీతం మీకు బొత్తిగా కొత్తయితే వరసగా వినకండి. ‘మెలిస్సా’, ‘మిడ్‌నైట్ రైడర్’, ‘లవ్ లైక్ కెరోసిన్’ రెండో సీడీలో ఒకదాని వెనక ఒకటి వస్తాయి, వాటితో మొదలుపెట్టి, అప్పుడు మొదటి సీడీకి వెళ్లండి.