జీరో శాతం కార్డు: బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫరా, కొత్త కొనుగోళ్లా?

అమెరికాలో జీరో శాతం కార్డుతో, అంటే మొదట్లో కొన్ని నెలలు వడ్డీ వేయని క్రెడిట్ కార్డుతో, నాలుగు డాలర్లు మిగుల్చుకోవడానికి దారులు రెండు. ఒకటి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, అంటే పాత బాకీని ఈ కార్డుకు మార్చుకోవడం, లేదా కొన్ని కార్డుల్లో ఆ మొత్తాన్ని డబ్బుగానే బ్యాంకు ఖాతాలోకి తీసుకోవడం; దీనికి ఫీజు మామూలుగా 3 నుంచి 5 శాతం. 10,000 డాలర్లకు 3 శాతమంటే 300 ముందే పోతాయి, ఆ డబ్బు 4 శాతం సేవింగ్స్‌లో ఏడాది ఉంచినా వచ్చేది 400, దానిమీద ట్యాక్స్, పైగా కార్డుకు నెలనెలా మినిమమ్ (కనీస మొత్తం) అందులోంచి కడుతుంటే దాచిన సొమ్ము తగ్గిపోయి అదీ పూర్తిగా రాదు. 24 శాతం వడ్డీ పడే పాత బాకీ తీర్చడానికైతే మాత్రం ఆలోచించకుండా చేసేయండి.

రెండోది, కొత్త కొనుగోళ్లకు జీరో శాతం ఉన్న కార్డు. దీనికి ఈ ఫీజు గొడవే లేదు; ఇంటి ఖర్చంతా దానిమీద పెట్టి, జీతం సేవింగ్స్‌లో దాచుకోవచ్చు. లాభానికైతే నా ఓటు దీనికే.

రెండింటిలో ఏది ఎంచుకున్నా ఆటోపే పెట్టండి. ట్రాన్స్‌ఫర్ చేసిన కార్డు మీద ఇంకేమీ కొనొద్దు, చాలావాటిలో కొత్త కొనుగోళ్లకు మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.