కృత్రిమ అవయవాలు: ల్యాబులో గీసిందా, వాడేవాడి వాకిట్లో పుట్టిందా? ఏది మేలు?

కాలు పోయినవాడికి కాలు చేసిపెట్టడానికి రెండు దారులున్నాయి. నడక లెక్కలు కట్టి, అందరికీ పనికొచ్చే ఒక నమూనా గీయడం మొదటిది. ఆ మనిషి పొద్దున లేచింది మొదలు ఎక్కడ కూర్చుంటాడు, ఎక్కడ నడుస్తాడు అని చూసి, దానికి తగ్గట్టు చేయడం రెండోది.

మొదటి దారికి శాచ్ (SACH) అనే కృత్రిమ పాదం మంచి ఉదాహరణ. 1950లలో అమెరికాలోని బర్కిలీలో రూపుదిద్దుకుంది. లోపల చెక్క, మడమలో మెత్తటి స్పాంజి, చీలమండ మాత్రం కదలదు. బూటు వేసుకుని చదునైన నేల మీద నడిచేవాళ్లకు బాగానే సరిపోతుంది. ఫ్యాక్టరీలో సైజుల వారీగా తయారవుతుంది కాబట్టి ఏ ఊళ్లో కొన్నా ఒకటే నాణ్యత. అది చిన్న విషయం కాదు.

మన దగ్గర బూటు గుమ్మం బయటే ఆగిపోతుంది. బాసింపట్టు వేసుకుని భోంచేయాలి, గొంతుక్కూర్చోవాలి, వరిమళ్లో దిగాలి. చీలమండ వంగకపోతే ఇవేవీ కుదరవు. అందుకే ఖరీదైన కాలు మూలన పడేసి మళ్లీ చంకకర్రలు పట్టినవాళ్లున్నారు. జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేథీ, పెద్ద చదువులు లేని శిల్పి రామచంద్ర శర్మ కలిసి 1968లో జైపూర్ పాదం తెచ్చింది ఈ చిక్కు విప్పడానికే. స్పాంజి రబ్బరు ముక్కలు, చెక్క పేర్చి, టైర్లకు వాడే రకం రబ్బరు చుట్టి, అచ్చులో పెట్టి ఉడికించారు. చూడ్డానికి వేళ్లతో సహా అసలు పాదంలాగే ఉంటుంది. అన్ని వైపులకీ ఒదుగుతుంది, తడిసినా ఫర్వాలేదు, చెప్పు లేకుండా నడవొచ్చు.

లోపం లేదా అంటే ఉంది. చేత్తో చేసేది కనక పనివాడిని బట్టి నాణ్యత మారుతుంది, బరువూ కాస్త ఎక్కువే. అయినా పల్లెలో ఉండి పొలం పని చేసుకునేవాళ్లకు నా ఓటు దీనికే. కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నా, తొడుక్కోని కాలు కాలే కాదు. ఆఫీసులో బూట్లతో తిరిగేవాళ్లు శాచ్ తీసుకున్నా నష్టం లేదు.

ఈ రెండు దారులూ కలిసిన చోటు మోకాలు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు జైపూర్ పాదాలు అమర్చే సంస్థతో కలిసి, అక్కడ కాళ్లు తొడుక్కునేవాళ్ల అవసరాలు తెలుసుకుని, చవకలో ప్లాస్టిక్ మోకాలు రూపొందించారు. 2009లో టైమ్ పత్రిక దాన్ని ఆ ఏటి మేటి ఆవిష్కరణల్లో చేర్చింది.

ఇక ఈమధ్య అందరూ అడిగే త్రీడీ ప్రింటింగ్ చేతులు. మణికట్టు వంచితే దారాలు బిగిసి వేళ్లు ముడుచుకుంటాయి. పెద్దవాళ్ల బరువు పనులకు పట్టు చాలదు. పిల్లలకైతే నేను ఇదే చెబుతాను. చెయ్యి ఎదిగినప్పుడల్లా అదే ఫైలు సైజు పెంచి మళ్లీ ప్రింటు తీస్తే సరి. కాకపోతే ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో మాత్రం వదిలెయ్యకండి.