పాత బండికి వారంటీ కొనడమా, ఆ సొమ్ము దగ్గర ఉంచుకోవడమా: విశాఖలో ఏది మేలు?

పాత మోటార్ సైకిల్ బేరం కుదిరి అడ్వాన్సు ఇవ్వబోయే సమయానికి, మరికొంత కడితే ఏడాది పాటు వారంటీ కూడా ఇస్తామని పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీ వారు చెప్పడం ఇప్పుడు మామూలైపోయింది. కొనేవారి ముందు నిజానికి మూడు దారులు ఉన్నాయి: కంపెనీ వారంటీ ఇంకా మిగిలి ఉన్న బండిని వెతికి, వీలైతే దాన్నే పొడిగించుకోవడం, అమ్మే సంస్థ సొంతంగా ఇచ్చే వారంటీని కొనడం, ఏదీ కొనకుండా ఆ సొమ్మును మరమ్మతుల కోసం పక్కన పెట్టుకోవడం. విశాఖపట్నంలో తిరగబోయే బండికి మొదటిది దొరికితే అదే మేలని, దొరకనప్పుడు మూడోదే మేలని, రెండోదానికి డబ్బు పెట్టవలసిన సందర్భాలు చాలా తక్కువని నా అభిప్రాయం. ఇందుకు ప్రధాన కారణం ఈ ఊరి ఉప్పు గాలి.

వారంటీ పత్రం ఎవరిదైనా, ఏయే వాటికి వర్తించదో చెప్పే భాగం దాదాపు ఒకేలా ఉంటుంది. బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు, చైన్, స్ప్రాకెట్లు, టైర్లు, కేబుళ్లు, ఫిల్టర్లు, రబ్బరు భాగాలు వాడకంలో అరిగిపోయేవి కనుక వాటికి వర్తించదు, ప్రమాదానికి, నీట మునగడానికి, బయట చేయించిన మార్పులకు వర్తించదు, తుప్పుకు వర్తించదు. సముద్రానికి దూరంగా ఉండే ఊళ్లో ఈ చివరి మాటను పెద్దగా పట్టించుకోకపోయినా నష్టం ఉండదు గానీ, బీచ్ రోడ్డు నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా సముద్రాన్ని ఆనుకునే ఇళ్లున్న మన దగ్గర బండికి వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం అదే.

ఉదాహరణకు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు పైపులనే తీసుకుందాం. బండిని ఎండలోకి తెచ్చి ఆ మెరిసే పైపుల మీద గోటితో నెమ్మదిగా రాస్తే, ఉప్పు గాలి తగిలిన బండిలో సూది మొనంత గుంటలు చేతికి తగులుతాయి. బండి గతుకులో దిగిన ప్రతిసారీ ఆ గుంటల అంచులు ఆయిల్ సీలును కొద్దికొద్దిగా కోస్తాయి. కొన్నాళ్లకు సీలు కారి, ఆయిల్ బ్రేకు మీదికి కూడా చేరవచ్చు. అప్పుడు వారంటీ పత్రం పట్టుకుని వెళితే, సీలు అరిగిపోయే వస్తువని, పైపు మీదిది తుప్పని, రెండింటికీ వర్తించదని చెబుతారు. పత్రం ప్రకారం వారు చెప్పేది సరైనదే. పెట్రోలు ట్యాంకు లోపల టార్చి వేసి చూస్తే కనిపించే ఎర్రటి పొడి, సీటు కింద వైర్ల కనెక్టర్లలో పట్టిన పచ్చటి చిలుము కూడా ఇటువంటివే. ఫ్యూయల్ పంపుకు వారంటీ ఉన్నా, అది ట్యాంకులోని తుప్పు వల్ల పాడయిందని తేలితే ఆ వారంటీ అక్కరకు రాదు.

అలాగని వారంటీలన్నీ వృథా అనడం న్యాయం కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యానికి సంబంధించిన బీఎస్ 6 ప్రమాణాలు అమలులోకి రావడంతో మామూలు 100 సీసీ బండ్లు కూడా చాలావరకు, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ వదిలి, ఆ పనిని ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేసే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. కార్బ్యురేటర్ బండి మొరాయిస్తే కంచరపాలెంలోనో గాజువాకలోనో తెలిసిన మెకానిక్ విప్పి, కడిగి, అదే పూట నడిపించి ఇస్తాడు. ఇంజెక్షన్ బండిలో ఈసీయూ (ఇంజనును నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) గానీ, పంపు గానీ, సెన్సరు గానీ పోతే లోపం కనిపెట్టడానికే ప్రత్యేకమైన స్కానరు కావాలి. భాగం మార్చడానికి వేలల్లో ఖర్చవుతుంది. ఇటువంటి ఖర్చుకు కంపెనీ వారంటీ అండగా నిలుస్తుంది. పైగా అది ఒక దుకాణానికి కట్టుబడి ఉండదు. ఆ కంపెనీ అధీకృత సర్వీసు సెంటర్లలో చెల్లుతుంది. అయితే మొదటి యజమాని సర్వీసులన్నీ సకాలంలో చేయించి ఉండాలి, వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందో లేదో కంపెనీ నిబంధన చూసుకోవాలి, గడువు పొడిగించుకునే అవకాశం సాధారణంగా అసలు వారంటీ ముగిసేలోపే ఉంటుంది. అందువల్ల బేరానికి ముందే ఛాసిస్ నంబరుతో సర్వీసు సెంటరుకు వెళ్లి చరిత్ర అడగడం మంచిది. అక్కడ నమోదైన కిలోమీటర్ల కంటే మీటరు తక్కువ చూపిస్తే, ఆ బండిని వదిలేయడమే మంచిది.

రెండో దారిలో ఉన్న చిక్కు వేరు. అమ్మినవారే వారంటీ ఇచ్చినప్పుడు, లోపం ఉందో లేదో తేల్చేదీ వారే, బాగుచేసేదీ వారి మెకానికే. చాలా పత్రాలు ఇంజను, గేర్‌బాక్సులకే పరిమితమవుతాయి; కొన్నింటిలో కూలి ఖర్చు మనదే, మరికొన్నింటిలో మొత్తం చెల్లింపుకు ఒక పరిమితి ఉంటుంది. ఇంజను గట్టిగా ఉందని వారికి నమ్మకం ఉంటే కనీసం మూడు నెలల పూచీ ధరలోనే కలిపి రాసిమ్మని అడగవచ్చు. విడిగా డబ్బు తీసుకుంటేనే ఇస్తామంటే నేనైతే ఒప్పుకోను.

ఇక కార్బ్యురేటర్ బండికి, లేదా కంపెనీ గడువు దాటిపోయిన బండికి, సొమ్ము చేతిలో ఉంచుకోవడమే తెలివైన పని. 50,000 రూపాయల బండికి 4,000 రూపాయల వారంటీ చెప్పారనుకుందాం. అందులో కొంత ఇచ్చి, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌ను వెంట తీసుకువెళితే, చల్లారిన ఇంజనును స్టార్ట్ చేయించి పొగ చూస్తాడు, కంప్రెషన్ చూస్తాడు, హ్యాండిల్ బేరింగులు పరీక్షిస్తాడు. కైలాసగిరి ఎక్కే రోడ్డు మీద ఒకసారి నడిపితే క్లచ్ జారుతోందో లేదో తెలిసిపోతుంది. మిగిలిన సొమ్ము చైన్ సెట్టుకో, బ్యాటరీకో, వారంటీ ఎలాగూ పట్టించుకోని ఆ ఫోర్కు సీళ్లకో పనికివస్తుంది. ఇంజను విప్పి బోరు చేయించవలసిన పెద్ద ఖర్చు వస్తే ఈ సొమ్ము చాలదు. ఆ ముప్పును మాత్రం ఒప్పుకునే ఈ దారి పట్టాలి.

ఏ కారణంగానైనా రెండో దారిలోనే వెళ్లవలసివస్తే, వారంటీ ఇస్తున్నది అమ్మే దుకాణమా లేక వేరే సంస్థా, ఏయే భాగాలకు, ఎంత పరిమితి వరకు అనే వివరాలు ఇంజను, ఛాసిస్ నంబర్లతో సహా రసీదు మీద రాయించుకోవాలి. నోటిమాటను తర్వాత రుజువు చేయడం కష్టం. ఇచ్చిన మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే అక్కడ ఫిర్యాదు రుసుము లేదు. బండి పేరు మార్పిడికి కొన్నవారు 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. దాన్ని వాయిదా వేయవద్దు, ఎందుకంటే పాత యజమాని పేరుతోనే ఆర్సీ ఉన్నంతకాలం కంపెనీ వారంటీని మన పేరుకు మార్పించుకోవడం కష్టం.