పై అంతస్తు ముందా, పాప పేరున పొదుపు ముందా?

2003లో నాన్న ఇల్లు కట్టినప్పుడు, రేపెప్పుడైనా పైన వేసుకుందామని ఆరు పిల్లర్ల చువ్వలు రెండేసి అడుగులు పైకి వదిలేశారు. ఆ రేపు ఇంకా రాలేదు. అమ్మ వాటికి దండెం కట్టుకుంది. వడియాలు పెట్టినప్పుడు కాకులు రాకుండా నల్లగుడ్డ వేలాడేదీ ఆ చువ్వలకే.

మొన్న దసరాకి నాన్న మళ్లీ ఆ మాట ఎత్తారు. "పునాది రెండంతస్తులకు వేశానురా. చేతిలో ఆరు లక్షలున్నాయి, మిగతాది లోను పెట్టు. సిమెంటు మీద జీఎస్టీ కూడా తగ్గిందట. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?" మా ఆవిడ మామగారి ముందు ఏమీ అనలేదు కానీ, మర్నాడు పోస్టాఫీసు నుంచి సుకన్య సమృద్ధి (ఆడపిల్లల పేరున డబ్బు దాచే ప్రభుత్వ పొదుపు పథకం) ఫారం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. పాపకు ఆరేళ్లు.

మేం ఎలాగో తేల్చుకున్నాక ఆఫీసులో ఇద్దరు, మా పిన్ని కొడుకు ఒకడు ఇదే ప్రశ్న వేశారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసేస్తే నయమనిపించింది. సుకన్య అంటే ఏంటో, హోమ్ లోన్ అంటే ఏంటో మీకు తెలుసు కాబట్టి ఆ ఓనమాలు వదిలేస్తున్నాను.

ముందు మరమ్మతు సంగతి

'ఇల్లు బాగుచేసుకోవడం' అన్న మాటలో ఒకదానికొకటి పొంతన లేని పనులన్నీ కలిసిపోతాయి. కారుతున్న శ్లాబు సరిచేయించడమూ అదే, హాల్లో ఫాల్స్ సీలింగ్ వేయించడమూ అదే. వీటిని విడదీయకుండా పొదుపుతో పోల్చడం మొదలుపెడితే లెక్క ఎప్పటికీ తేలదు. మాకు ఆ సంగతి ఒక సుత్తి దెబ్బతో తెలిసింది.

అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వచ్చినప్పుడు వెనక గదిలో బకెట్ పెట్టాల్సి వచ్చింది. తర్వాతి వారం మేస్త్రి వచ్చాడు. పిలిచింది పై అంతస్తుకు ఎస్టిమేషన్ చెప్పమని. ఆయన టేపు కూడా తీయలేదు. చిన్న సుత్తితో వెనక గది సీలింగ్ మీద టకటకా కొట్టుకుంటూ వెళ్లాడు. ఒక మూలకు వచ్చేసరికి శబ్దం మారింది, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు. ఇంకో దెబ్బకు అరచేతంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. లోపల చువ్వ ఎర్రగా, ఉల్లిపొరల్లా లేచిపోయి ఉంది.

"పైన చూద్దాం పదండి" అన్నాడు. సరిగ్గా ఆ మూల మీదే మా దండెం పిల్లరు. ఇరవై రెండేళ్ల వాన ఆ చువ్వల మొదట్లో నిలిచి, సందుల్లోంచి మెల్లగా కిందికి దిగింది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. ఉబ్బితే చుట్టూ ఉన్న కాంక్రీటు పగులుతుంది. పగిలిన చోట మళ్లీ నీళ్లు. "ఇంకో మూడు వానాకాలాలు ఇలాగే వదిలేస్తే పైన వేయడం దేవుడెరుగు, కిందది విప్పుకోవాల్సి వస్తుంది బాబూ" అన్నాడు. పై అంతస్తు కోసం వదిలిన చువ్వలే కింది అంతస్తును తినేస్తున్నాయన్న మాట. నాన్న ఆ రోజంతా పెద్దగా మాట్లాడలేదు.

తుప్పు గీకించి, కెమికల్ పూయించి, పెచ్చులూడిన చోట మళ్లీ ప్లాస్టరింగ్ చేయించి, డాబా మొత్తానికి వాటర్‌ప్రూఫింగ్ వేయించేసరికి 1,40,000 అయింది. అదే ఊపులో అమ్మ మోకాళ్ల కోసం బాత్రూంలో కమోడ్, పక్కన పట్టుకోవడానికి స్టీలు రాడ్డు పెట్టించాం, ఇంకో 35,000. ఈ రెండింటి దగ్గరా నేను పిల్లల చదువు గురించి ఆలోచించలేదు, ఆలోచించనక్కర్లేదు కూడా. చెమ్మ దిగుతున్న ఇల్లు, జారిపడే బాత్రూం మీకుంటే ఇక్కడ చదవడం ఆపి ముందు ఆ పని చూడండి. ఆ ఖర్చు ఆగేకొద్దీ పెరుగుతుంది.

మాడ్యులర్ కిచెన్, టైల్స్ మార్పిడి, ఎలివేషన్‌కి కొత్త లైట్లు: ఇవి చేతినిండా డబ్బున్నప్పటి ముచ్చట. పోలికలోకి కూడా తేను.

అద్దె లెక్క

ఇక మిగిలిన అసలు పోటీ పై అంతస్తుకూ పొదుపుకూ. మా దగ్గర మిగిలింది 4,25,000. మేస్త్రి చెప్పిన రేటు చదరపు అడుగుకు 1,900. 800 అడుగుల పోర్షన్ అంటే 15,20,000. దాదాపు 11 లక్షలు లోను తీసుకోవాలి. 9 శాతం వడ్డీకి పదేళ్లు పెట్టుకుంటే నెలకు ఈఎంఐ 13,900 పైచిలుకు. మా వీధిలో అలాంటి పోర్షన్‌కి అద్దె 7,500.

అంటే మొదటి నెల నుంచీ 6,400 మా జేబులోంచి పడాలి. పాప కోసం మేం తీయగలమనుకున్నది నెలకు 5,000. ఆ ఐదు వేలూ పోగా పైన ఇంకో 1,400 వెతుక్కోవాలి. అద్దె పెరగదా అంటే పెరుగుతుంది. ఏటా 5 శాతం చొప్పున పెరిగినా పదో ఏట 11,600 దగ్గర ఉంటుంది. అప్పటికీ ఈఎంఐని అందుకోదు. ఇందులో ఇంటి పన్ను, మధ్యలో ఖాళీగా ఉండే నెలలు, ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేటప్పుడు వేయించే సున్నాలు నేను కలపలేదు. సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గిన మాట నిజమే, 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ ఇల్లు ఒక్క సిమెంటుతో లేవదు కదా, ఇసుకా ఇనుమూ సెంట్రింగూ కూలీ ఎక్కడికి పోతాయి?

నాన్న పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. పదేళ్ల తర్వాత లోను తీరిపోతుంది, అక్కడి నుంచి వచ్చే అద్దె అంతా మనదే. పెన్షన్ లేని ఉద్యోగం చేసేవాళ్లకు అది చిన్న సంగతి కాదు. ముసలితనంలో పిల్లల మీద పడకుండా ఉండటం కూడా వాళ్ల భవిష్యత్తుకు చేసిన మేలే. మీ ఇల్లు ఏ ఇంజనీరింగ్ కాలేజీ పక్కనో ఉండి, పోర్షన్ ఖాళీ కాకముందే ఇంకొకరు అడ్వాన్స్ ఇచ్చేలా ఉంటే నా లెక్క తలకిందులవుతుంది, వేసేయండి. మా వీధిలో మాత్రం ప్రస్తుతానికి నాలుగు టు-లెట్ బోర్డులున్నాయి.

సుకన్యలో జనం పొరబడే చోటు

ఇది రాసేనాటికి వడ్డీ 8.2 శాతం, 2024 జనవరి నుంచీ అదే. ఖాతా తెరిచిన రోజు రేటే చివరిదాకా ఉంటుందని కొందరు అనుకుంటారు. అలా ఉండదు, ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. 2015-16లో 9.2 ఉండేది, 2020 ఏప్రిల్ నుంచి మూడేళ్లు 7.6 దగ్గర ఉంది. కాబట్టి కింద వేసిన అంకెలను 8.2 ఇలాగే ఉంటే అన్న షరతుతో చదవండి. వచ్చే వడ్డీ మీద పన్ను లేదు.

ఏటా ఏప్రిల్ మొదట్లో 60,000 కడుతూ పోతే, ఆరేళ్లప్పుడు మొదలుపెట్టిన పాపకు పద్దెనిమిది నిండేసరికి ఖాతాలో సుమారు 12.5 లక్షలుంటాయి. పైన వేసే గొడవలో పడి మూడేళ్లు వాయిదా వేసి తొమ్మిదో ఏట మొదలుపెడితే సుమారు 8.2 లక్షలే. ఆ మూడేళ్లలో మనం కట్టకుండా మిగుల్చుకున్నది 1.8 లక్షలు, పాప చేతికి తగ్గేది 4 లక్షల పైన. పదేళ్లు నిండితే ఆ గుమ్మమే మూసుకుపోతుంది, ఖాతా తెరవనివ్వరు.

ఏప్రిల్ మొదట్లో అని ఎందుకన్నానంటే, ఏ నెలకైనా అయిదో తేదీ తర్వాత ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ లెక్క కడతారు. 6న కడితే ఆ నెల వడ్డీ రాదు.

ఇప్పుడు అసలు చిక్కు. మెచ్యూరిటీ పాపకు 21 ఏళ్లు వచ్చినప్పుడు అనుకుంటారు చాలామంది. ఆ 21 ఏళ్లు ఖాతాకు. మా పాప ఖాతా ఆరో ఏట తెరిచాం కాబట్టి పూర్తి డబ్బు చేతికొచ్చేది దానికి 27 వచ్చాక, లేదంటే పద్దెనిమిది దాటాక పెళ్లప్పుడు. చదువు కోసమైతే పది పాసయ్యాక గానీ, పద్దెనిమిది నిండాక గానీ, అంతకుముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. అంటే పద్దెనిమిదో ఏట కాలేజీ ఫీజు వేళకు నా చేతికి అందేది 12 లక్షలు కాదు, ఆరు. ఈ ఒక్క కారణంగానే ఉన్నదంతా సుకన్యలో పోయకండి అంటాను. చిన్నప్పుడే, రెండో ఏటో మూడో ఏటో తెరిచినవాళ్లకు ఈ ఇబ్బంది కొంత తక్కువ.

నేను దేన్ని బట్టి తేల్చుకున్నాను

వడ్డీ శాతాలు, అద్దె శాతాలు పక్కపక్కన పెట్టి నాలుగు రాత్రులు కొట్టుకున్నాను. చివరికి తేల్చింది అవి కాదు. ఏది ఆగుతుంది, ఏది ఆగదు అన్నదే. శ్లాబు కారడం ఆగలేదు, చేయించాం. పాప వయసు ఆగదు. పై అంతస్తు మాత్రం ఇరవై రెండేళ్లు ఆగింది, ఇంకో పదేళ్లు కూడా ఆగుతుంది. అప్పటికి రేటు పెరుగుతుంది, నిజమే. కానీ అప్పుడు 800 అడుగులు కాకపోతే ఒక గది వేసుకోవచ్చు, రేకుల షెడ్డుతో సరిపెట్టుకోవచ్చు. కాలేజీ ఫీజు అలా సగం గది వేసుకునే రకం కాదు. ఫలానా తేదీ లోపల ఇంత కట్టాలంటే కట్టాలి. ఆ రోజు మన దగ్గరున్నది ఇల్లే అయితే, ఒక బాత్రూం విడిగా అమ్మి ఫీజు కట్టలేం. మొత్తం ఇల్లు తాకట్టు పెట్టాలి, లేదా అన్నదమ్ముల దగ్గర చేయి చాపాలి.

"ఇల్లు మాత్రం ఎవరికిరా, పిల్లలకేగా" అన్నారు నాన్న. కాదనలేదు. కానీ మా ఎదురింటాయన ఇద్దరు కొడుకులకూ సమానంగా ఉండాలని పైన ఒకటి, కింద ఒకటి కట్టారు. ఒకడు బెంగళూరులో, ఒకడు డాలస్‌లో. పై పోర్షన్ తాళం సంక్రాంతికి తీస్తారు, ఒక్కోసారి అదీ లేదు.

మిగతావి

అబ్బాయి ఉన్నవాళ్లకు సుకన్య లేదు, పీపీఎఫ్ (ఎవరైనా తెరవగల ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) ఉంది. 7.1 శాతం, 2020 ఏప్రిల్ నుంచి కదల్లేదు. మీ ఖాతా, పిల్లాడి ఖాతా కలిపి ఏడాదికి 1.5 లక్షలే పరిమితి. మా బాబుకు రెండేళ్లు, వాడికి ప్రస్తుతం నెలకు వెయ్యి సిప్‌తో (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే పద్ధతి) మొదలుపెట్టాం. పదిహేనేళ్ల పైన టైముంది కాబట్టి మార్కెట్ ఎగుడుదిగుళ్లకు టెన్షన్ లేదు.

ఎడ్యుకేషన్ లోను ఉంది కదా అంటారు. ఉంది, 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి కూడా తెచ్చింది, ఎంపిక చేసిన సంస్థల్లో సీటొస్తే తాకట్టు, పూచీకత్తు లేకుండా ఇస్తారు. తక్కువ పడినదానికి అది మంచిదే. మొత్తం దాని మీదే వదిలేస్తే పిల్ల మొదటి జీతంలోంచే ఈఎంఐ మొదలవుతుంది. బంగారం పెళ్లికి సరే. ఊరి చివర ప్లాటు గురించి నన్నడక్కండి. పిల్లల పేరుతో అమ్మే ఇన్సూరెన్స్ పాలసీలైతే వద్దు. సంపాదించేది మీరు, బీమా మీ పేరున ఒక టర్మ్ పాలసీ (మనకేమైనా అయితేనే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చేది) తీసుకోండి.

మేం చివరికి చేసింది ఇదీ: నవంబరులో సుకన్య ఖాతా తెరిచాం, మిగిలిన నాలుగు లక్షల చిల్లర ఎఫ్‌డీలో ఉంచాం. ఏటా ఏప్రిల్‌లో అందులోంచి 60,000 ఒకేసారి కట్టి, నెలనెలా ఐదు వేలతో మళ్లీ పూడ్చుకోవాలని ఆలోచన. పై అంతస్తు సంగతి పాప పది పాసయ్యాక మాట్లాడదామని నాన్నే అన్నారు. చువ్వలు కోసేద్దామా అని మేస్త్రి అడిగితే మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. తుప్పు తోమించి, రేపు పగలగొట్టుకోవడానికి వీలుగా వాటి చుట్టూ పలచటి కాంక్రీటు దిమ్మలు దగ్గరుండి పోయించారు. ఆరు దిమ్మలకూ రోజూ తనే నీళ్లు పట్టారు. అమ్మ దండేనికి ఇప్పుడు పిట్టగోడకు రెండు కొక్కేలు కొట్టించాలి.