ఫ్రెంచ్ పల్లె తిండి పదాలు: కార్డులా, మ్యాపా, లేబుళ్లా? ఏది మేలు?

ఫ్రెంచ్‌లో బి1 (మధ్యస్థ) స్థాయి దాటినవాళ్లు కూడా సంతలో చీజ్ కొట్టు ముందు తడబడతారు. పుస్తకంలో చదివింది ‘ఫ్రొమాజ్’ (చీజ్) అన్న ఒక్క మాట. కొట్లో ఉండేవి కోంతే, తొమ్, రెబ్లొషోఁ. వీటిని నేర్చుకోవడానికి మూడు దారులున్నాయి. మొదలుపెట్టాల్సింది మాత్రం లేబుళ్లతోనే.

ఆంకీ లాంటి యాప్‌లో కార్డులు చేసుకోవడం సులువు. చిక్కల్లా ‘కస్సులే అంటే బీన్స్, మాంసం వంటకం’ అని రాసుకుని ఊరుకోవడంతో వస్తుంది. లింగం లేని కార్డు సగం కార్డే. చీజ్ పేర్లు చాలావరకు పుంలింగం: లె కోంతే, లె రొక్‌ఫోర్. కానీ లా తొమ్, లా ఫూర్మ్ దాంబేర్ స్త్రీలింగం. ఊరికే అడిగితే ‘ద్యు కోంతే’. తూకం చెప్పాక ‘దో సాఁ గ్రామ్ ద కోంతే’ (రెండు వందల గ్రాముల కోంతే); ‘ద్యు’ కాస్తా ‘ద’ అవుతుంది. అందుకే కార్డు మీద విడి పదం కాకుండా కొట్లో అడిగే వాక్యం పెట్టి, ‘ద్యు’, ‘ద’ లాంటి చిన్న మాటను ఖాళీగా వదలండి. ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకోవద్దు (ఇక్కడ రాయక తప్పలేదు), ఆడియో పెట్టండి. రోజుకు పది కొత్త కార్డులు చాలు.

ప్రాంతాలవారీ మ్యాప్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ దాన్నుంచి మాట్లాడటం రాదు. ఊరు మారితే అర్థమో పేరో మారే పదాలకు మాత్రం అదే దిక్కు. పశ్చిమ ఫ్రాన్స్‌లోని బ్రెతాన్యలో గలెత్ అంటే సరజెఁ, అంటే బక్‌వీట్ పిండితో పోసే ఉప్పటి అట్టు. జనవరిలో పారిస్ బేకరీలో గలెత్ అంటే బాదం క్రీమ్ పెట్టిన పొరల కేకు. పారిస్‌లో పెఁ ఓ షొకొలా అనేదాన్నే తులూజ్, బోర్దో వైపు షొకొలాతీన్ అంటారు.

లేబుల్ లాభమేమిటంటే, ఒకదాన్ని విడమర్చి చదివితే పది అర్థమవుతాయి. లే క్రూ అంటే కాచని పాలు. వాష్, బ్రెబీ, షెవ్ర్ అంటే ఆవు, గొర్రె, మేక. అఫినాజ్ అంటే మాగబెట్టడం; కోంతేకి కనీసం నాలుగు నెలలు. రెబ్లొషోఁ మీద పచ్చ ముద్ర ఉంటే ఫెర్మియే, అంటే సొంత మంద పాలతో రైతు ఇంటి దగ్గరే చేసినది. ఎర్ర ముద్ర ఉంటే పలువురి పాలు కలిపి డెయిరీలో చేసినది.

మాంసం తినని మనవాళ్లకు మెనూ చదవడం ఇంకా అవసరం. తార్తిఫ్లెత్ అనే బంగాళదుంప, చీజ్ వంటకం పేరులో మాంసం వినిపించదు. లోపల లార్దోఁ, అంటే పంది మాంసం ముక్కలుంటాయి. కీష్ లొరెన్, అల్జాస్ తార్త్ ఫ్లాంబే, సలాద్ లియొనేజ్ కూడా అంతే. సెఁదూ అంటే పంది కొవ్వు. ‘సాఁ లార్దోఁ, సిల్ వు ప్లే’ (లార్దోఁ లేకుండా, దయచేసి) అంటే కొన్నిచోట్ల ముక్కలు తీసి చేస్తారు, కానీ ముందే కలిపి ఉంచినదాంట్లోంచి తీయలేరు. ప్రెజ్యూర్ సంగతి అంతకన్నా చిక్కు: పాలు విరగడానికి వేసే ఆ పదార్థం సంప్రదాయంగా దూడ లాంటి పశువుల పొట్టలోంచి తీసినది. కోంతే, రొక్‌ఫోర్ లాంటి పాతకాలపు చీజ్‌లలో అదే వాడతారు. ‘ప్రెజ్యూర్ వెజెతాల్?’ అని అడిగి కొనాలి.