ఉక్కు తొడుగా, కాంపోజిట్ తొడుగా: మధుమేహం ఉన్నవారికి ఏ సేఫ్టీ షూ మేలు?

బరువులు జారిపడే చోట పనిచేసేవారు సేఫ్టీ షూ ఎంచుకునేటప్పుడు వేళ్ల మీది తొడుగు ఉక్కుదై ఉండాలా, ఫైబర్‌గ్లాస్ వంటి లోహం కాని కాంపోజిట్‌దై ఉండాలా అని ఆలోచిస్తారు. దెబ్బను ఆపే విషయంలో ఈ రెండింటికీ తేడా వెతకనక్కర్లేదు. సేఫ్టీ షూలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20345 ప్రకారం ఏ తొడుగైనా 200 జౌల్స్ తాకిడిని, 15 కిలోన్యూటన్ల నొక్కుడును తట్టుకోవలసిందే. మధుమేహం ఉన్నవారు చూడవలసిన తేడా తొడుగు లోపలివైపు ఉంటుంది.

షూ కరిస్తే మామూలు మనిషి గంటలోపే విప్పి చూసుకుంటాడు. మధుమేహం వల్ల పాదాల నరాలు దెబ్బతిన్నవారికి ఆ నొప్పే తెలియదు కనుక, మడతపడిన మేజోడో లోపల చేరిన చిన్న రాయో రోజంతా ఒకేచోట ఒరుసుకుని, సాయంత్రం షూ విప్పేసరికి పుండు పడి ఉంటుంది. పైగా రక్తప్రసరణ కూడా తగ్గి ఉంటే ఆ పుండు ఒక పట్టాన మానదు.

ఉక్కు పలుచగా ఉన్నా బలంగానే ఉంటుంది కాబట్టి, అదే సైజులో వేళ్లకు కాస్త ఎక్కువ చోటు మిగులుతుంది. అయితే అది వేడిని, చలిని త్వరగా లోపలికి చేరవేస్తుంది. కొలిమి దగ్గరో శీతల గిడ్డంగిలోనో స్పర్శ తెలియని వేళ్లకు ఇది చిన్న ఇబ్బంది కాదు. కాంపోజిట్ తేలిక, వేడిని అంత త్వరగా పోనివ్వదు, కానీ గోడ మందంగా ఉండటం వల్ల లోపల ఇరుకయ్యే అవకాశం ఉంది. నా మటుకు, వెడల్పు చాలితే కాంపోజిట్‌నే ఎంచుకుంటాను, చాలకపోతే మొహమాటం లేకుండా వెడల్పాటి ఉక్కు తొడుగు వైపే మొగ్గుతాను. రెండింటిలో ఏదైనా, వేసుకుని ఒకసారి గొంతుకూర్చుని చూడాలి, ఎందుకంటే షూ వంగినప్పుడు తొడుగు వెనక అంచు వేళ్ల పైభాగాన్ని నొక్కేది అప్పుడే.

మధుమేహులకోసం చేసే మెత్తని పాదరక్షలు పాదానికి హాయి, కానీ మేకును ఆపలేవు. అందుకని కొందరు వాటి లోపల పాదం కింద ఉండే మెత్తని అట్టను (ఇన్‌సోల్) తీసి సేఫ్టీ షూలో పరుస్తారు. దానివల్ల పాదం పైకి లేచి వేళ్లు తొడుగుకు ఆనుకుంటాయి, కొన్ని షూలలో స్థిరవిద్యుత్తు నుంచి రక్షించే గుణం కూడా దెబ్బతినవచ్చు. ఇన్‌సోల్‌తో సహా పరీక్షించి ధ్రువీకరించిన మోడల్ తీసుకోవడమే సరైన పద్ధతి. ఇదివరకే పుండు పడి మానినవారు, వేళ్లు వంకర తిరిగినవారు దుకాణంలో దొరికే ఏ షూతోనూ సరిపెట్టుకోకూడదు; పాదాల వైద్యుడి సలహాతో కొలతకు చేయించుకోవాలి.

కొలత సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నిలబడి తీసుకోవాలి. కాగితపు అట్ట మీద పాదం ఆకారం గీసి, కత్తిరించి షూలోకి దూర్చితే, అంచులు మడతపడినచోటే ఇరుకు ఉన్నట్టు. పొడవులో 1 నుంచి 2 సెంటీమీటర్లు అదనంగా ఉండాలి. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడమాలి. లేతరంగు మేజోళ్లయితే రక్తం గానీ చీము గానీ అంటినా వెంటనే కనిపిస్తుంది. కొత్త షూను మొదట గంటో రెండు గంటలో వేసుకుని, విప్పి పాదాలు చూసుకోవాలి. ఎర్రబడిన చోటు అరగంటకూ మామూలు కాకపోతే ఆ జతను పనికి వేసుకెళ్లకూడదు.