కోత పండుగ ప్రేమవిందుకు అద్దె స్టీలు కంచాలు: గుంటూరులో మా సంఘం అనుభవం

కోత పండుగ నాడు రైతు కుటుంబాలు బలిపీఠం ముందు పెట్టిన వరి కంకులకు, గుమ్మడికాయలకు స్తుతులు చెల్లించి, ఆ సాయంత్రమే ప్రేమవిందులో, అంటే సంఘమంతా కలిసి చేసే భోజనంలో, వాడి పారేసిన ప్లాస్టిక్ కంచాలను చర్చి ప్రహరీ పక్కన తగలబెట్టడం మా సంఘంలో ఏళ్ల తరబడి జరిగింది. 2022 జులై 1న వాటిపై నిషేధం వచ్చాక కాగితపు కంచాలకు, కప్పులకు మారాము గాని, కప్పుల లోపలా పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక కుప్ప అలాగే మిగిలింది. ఏదెను తోటను సేద్యపరచుటకును కాచుటకును దేవుడు నరుని అక్కడ ఉంచెనని ఆదికాండము రెండవ అధ్యాయంలో చదువుకునే మనకు ఈ పొగ తగదని నా గట్టి నమ్మకం. ప్రపంచ లూథరన్ సమాఖ్య 2017లో నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో జరిపిన మహాసభకు ‘సృష్టి అమ్మకానికి లేదు’ అన్నది ఒక ఉపాంశం. గుంటూరు సంఘాలు ఆ మాటను ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

ఈసారి అరండల్‌పేట వైపు ఉన్న ఒక షామియానా సప్లయర్స్ వద్ద మూడు వందల స్టీలు కంచాలు, అన్నే గ్లాసులు అద్దెకు తీసుకున్నాము. అంచున చుక్కలతో దుకాణం పేరు చెక్కిన ఆ కంచాలు బరువుగా, సొట్టలు లేకుండా, బగారా అన్నం, కోడికూర, గోంగూర పచ్చడి ఒకదానిలో ఒకటి కలవకుండా వడ్డించుకునేంత వెడల్పుగా ఉన్నాయి. అన్నిటికన్నా నాకు నచ్చినది వారు ఎంగిలి తీసుకునే పద్ధతి: చేతులు కడుక్కునే చోట రెండు డ్రమ్ములు పెట్టి, ఎముకలు ఒకదానిలో, మిగిలిన అన్నం మరొకదానిలో వేయించి, ఆ అన్నాన్ని తమ గేదెల కుడితికి తీసుకుపోయారు. కంచాలు కడిగే పని కూడా వారిదే కావడంతో మా స్త్రీల సమాజం వారు పండుగ పూట పంపు దగ్గర కూర్చోవలసిన అవసరం రాలేదు.

లోపాలూ ఉన్నాయి. మంచినీళ్లకు, మజ్జిగకు వేర్వేరుగా గ్లాసులు కావాలని మాకు ముందు తోచలేదు, వారూ అడగలేదు. రెండో పంక్తి వారు గ్లాసుల కోసం వేచి ఉండవలసి వచ్చింది. కొన్ని కంచాలకు సబ్బు వాసన పోలేదు, వాటిని మళ్లీ కడిగించాము. అద్దె కాగితపు కంచాల ఖర్చు కన్నా కొంత ఎక్కువే అయినా, మరునాడు చెత్త ఎత్తించే కూలి మిగిలింది. క్రిస్మస్ విందుకు వారికే బయానా ఇచ్చాము. గ్లాసులు ఈసారి ఆరు వందలు.